బ్యాటరీ మీద ఏం రాసి ఉందో ముందు చదవండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఛార్జర్ల గురించే. కారు, బైకు, లారీ, ఎలక్ట్రిక్ స్కూటర్... బండ్లు వేరు గానీ అడుగుతున్నది ఒక్కటే: "నా దగ్గరున్న ఛార్జర్ దీనికి పనికొస్తుందా?"

బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టే బల్ల దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది. అక్కడ మేం చూసే వరుస చెప్తాను, కింది జవాబులన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఛార్జర్ చేతిలోకి తీసుకునే ముందు బ్యాటరీ లేబుల్ చూడాలి. మొదట అది ఏ రకమో చూడాలి: నీళ్లు పోసే లెడ్ ఆసిడా, ఏజీఎమ్మా, జెల్లా (ఈ రెండూ ఏమిటో కింద ఒక జవాబులో చెప్పాను), లిథియమా. తర్వాత ఎన్ని వోల్టులో, ఆ తర్వాత ఎన్ని ఏహెచ్‌లో. ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత నిల్వ ఉంచుకోగలదో చెప్పే అంకె. చాలామంది వోల్టులు ఒక్కటే చూసి ఛార్జర్ కొంటారు. బ్యాటరీలు పాడయ్యేది మిగతా రెండూ చూడకపోవడం వల్లే.

అన్నట్టు, "అన్నయ్యా" అని మొదలుపెట్టి రాసేవాళ్లకు: నేను అక్కని. ఇక ఉత్తరాలు.

ప్రశ్న: మావారు ఎప్పుడూ పని మీద తిరుగుతుంటారు. కారు ఇంటి దగ్గరే ఉంటుంది. పదిహేను, ఇరవై రోజులు కదపకపోతే సెల్ఫ్ తిరగదు. వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచమన్నారు. అలాగే చేస్తున్నా అదే తంతు. బ్యాటరీ కొత్తదే, 35 ఏహెచ్. ఛార్జర్ కొందామంటే రెండు ఆంపులది, ఐదు ఆంపులది, పదిహేను ఆంపులది చూపిస్తున్నారు. ఏది తీసుకోవాలి?
— ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ బ్యాటరీ తప్పేం లేదు. ఆగి ఉన్న కారు కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది. గడియారం, అలారం, సెంట్రల్ లాకింగ్, లోపలి కంప్యూటర్లు అన్నీ కలిపి 30 నుంచి 50 మిల్లీ ఆంపుల దాకా లాగడం మామూలే. 50 అనుకుని లెక్క వేయండి. రోజుకు 1.2 ఏహెచ్. పదిహేను రోజులకు 18 ఏహెచ్. మీది 35 ఏహెచ్ బ్యాటరీ, అంటే సగం ఖాళీ. సగం దిగిన బ్యాటరీతో సెల్ఫ్ తిరిగితే తిరుగుతుంది, లేకపోతే లేదు.

వారానికి పది నిమిషాలన్న సలహా ఎవరిచ్చారో గానీ లెక్క చూడకుండా ఇచ్చారు. వారంలో పోయేది ఎనిమిది ఏహెచ్‌కు పైనే. ఇంజన్ నిలబెట్టి పది నిమిషాలు నడిపితే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి బ్యాటరీని నింపే డైనమో లాంటిది) తిరిగి ఇచ్చేది అందులో చిన్న భాగం. ఏసీ, లైట్లు వేసి ఉంచితే అదీ ఉండదు. పెట్రోలు ఖర్చయింది, పొగ వచ్చింది, బ్యాటరీ మాత్రం కిందికే వెళ్తోంది.

ఇప్పుడు ఛార్జర్. నీళ్లు పోసే మామూలు లెడ్ ఆసిడ్ బ్యాటరీకి పాత లెక్క ఒకటుంది: ఏహెచ్‌లో పదో వంతు ఆంపులు. 35 ఏహెచ్‌కు 3.5 ఆంపులు. కాబట్టి మీకు నాలుగు, ఐదు ఆంపుల ఆటోమేటిక్ ఛార్జర్ సరిపోతుంది. రెండు ఆంపులదీ చెడ్డది కాదు, ఎక్కువసేపు పడుతుంది అంతే. పదిహేను ఆంపులది పెద్ద బ్యాటరీలకు. మీకు వద్దు.

ఆటోమేటిక్ అని ఎందుకన్నానంటే, మంచి ఛార్జర్ మూడు దశల్లో పనిచేస్తుంది. మొదట తన పూర్తి కరెంటు ఇస్తుంది. బ్యాటరీ 14.4 వోల్టుల దగ్గరికి రాగానే వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి కరెంటును మెల్లగా తగ్గిస్తుంది. నిండాక 13.5 చుట్టుపక్కలకు దిగి కనిపెట్టుకుని ఉంటుంది. ఈ మూడోదే ఫ్లోట్. మీలా కారు ఆగి ఉండేవాళ్లకు కావలసింది ఇదే. 18 ఏహెచ్ పోయింది, ఛార్జర్ నాలుగు ఆంపులది, కాబట్టి నాలుగున్నర గంటల్లో అయిపోవాలి అనుకోకండి. చివరి ఇరవై శాతం చాలా నెమ్మది. సాయంత్రం పెట్టి మర్నాడు ఉదయం తీయండి.

కారు పెట్టేచోట ప్లగ్ పాయింటే లేదంటారా? మీవారు మళ్లీ ఎప్పుడొస్తారో తెలుసు కాబట్టి వెళ్లిన రోజే మైనస్ టెర్మినల్ విప్పి పెట్టేయండి. గడియారం మళ్లీ సరిచేసుకోవాలి, రేడియో కొన్ని కార్లలో కోడ్ అడుగుతుంది. బ్యాటరీ డిక్కీలో ఉండి, డిక్కీ కరెంటుతోనే తెరుచుకునే కారైతే మాత్రం ఈ పని చేయకండి. మూత పడ్డాక బ్యాటరీ దగ్గరికి మీరే చేరలేరు.

ఇంకొకటి, చిన్న మల్టీమీటర్ కొనుక్కోండి. కారు ఆపిన నాలుగైదు గంటల తర్వాత చూస్తే 12.6 లేదా 12.7 ఉండాలి. 12.2 ఉంటే సగం. 12 కంటే తక్కువైతే ఆ రోజే ఛార్జింగ్ పెట్టాలి. దిగిపోయిన లెడ్ ఆసిడ్ బ్యాటరీని వారాల తరబడి అలా వదిలేయడమే దానికి అన్నిటికంటే పెద్ద హాని.

ప్రశ్న: మా నాన్నగారి మెకానిక్ షెడ్డులో పాత ఇనప డబ్బా ఛార్జర్ ఉంది. పది ఆంపుల ముల్లు మీటర్, పైన పట్టుకునే పిడి, చాలా బరువు. దాంతో నా బైకు బ్యాటరీ ఛార్జింగ్ పెట్టొచ్చా? 12 వోల్టులే, 5 ఏహెచ్. షెడ్డులో అందరూ ఏం కాదంటున్నారు.
— ఒక విద్యార్థి

జవాబు: షెడ్డులో వాళ్లకు ఏం కాదు తమ్ముడూ, అయ్యేది నీ బ్యాటరీకి. ఆ డబ్బాలో ఉండేది ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఏసీని డీసీగా మార్చే ఒక రెక్టిఫయరు. వోల్టేజీని పట్టి ఆపేది ఏదీ ఉండదు. బ్యాటరీ నిండినా అది తోస్తూనే ఉంటుంది. వోల్టేజీ పదహారు దాటి పోతుంది. లారీ బ్యాటరీ పెట్టి, పక్కనే మనిషి కూర్చుని, గంటకోసారి గ్రావిటీ (ఆసిడ్ చిక్కదనం) చూసి ఆపే రోజుల్లో అది మంచి పనిముట్టే. ఇప్పటికీ పెద్ద బ్యాటరీలకు, చూసే మనిషి ఉంటే, పనికొస్తుంది.

నీ 5 ఏహెచ్‌కు పదో వంతు అంటే అర ఆంపు. ఆ డబ్బా అందులో ఇరవై రెట్లు ఇవ్వగలదు. పైగా బైకు బ్యాటరీలు ఇప్పుడు దాదాపు అన్నీ సీల్ వేసినవే. లోపల నీళ్లు ఆవిరైతే మళ్లీ పోయడానికి మూతలు ఉండవు. ఒక్క రాత్రి మరిచిపోయి వదిలేస్తే బ్యాటరీ ఉబ్బి కూర్చుంటుంది.

బ్యాటరీ పక్కన సన్న అక్షరాలు చూడు. చాలా బైకు బ్యాటరీల మీద ఎన్ని ఆంపులు, ఎన్ని గంటలు పెట్టాలో అచ్చు వేసే ఉంటుంది. అర ఆంపు నుంచి ఒక ఆంపు లోపు ఇచ్చే చిన్న ఆటోమేటిక్ ఛార్జర్ కొనుక్కో. పాతకాలం 6 వోల్టుల బండ్లు ఎవరి దగ్గరైనా ఉంటే, 6-12 స్విచ్ ఉన్న ఛార్జర్ దొరుకుతుంది. పెట్టే ముందు ఆ స్విచ్ ఎటు ఉందో చూడాలి.

ప్రశ్న: లాప్‌టాప్ ఛార్జర్‌తో కారు బ్యాటరీ ఛార్జింగ్ చేసే వీడియో చూశాను. చేయొచ్చా?

జవాబు: వద్దు. అది 19 వోల్టులు ఇస్తుంది, బ్యాటరీకి కావలసింది పద్నాలుగున్నర లోపు. మధ్యలో బల్బు పెట్టి కరెంటు తగ్గించే చిట్కాలు కూడా అందులో ఉంటాయి. బల్బు కరెంటును తగ్గిస్తుంది గానీ నిండాక ఆపదు.

ప్రశ్న: ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, దాని వైర్లు తీసి కారు బ్యాటరీకి తగిలిస్తే ఛార్జ్ అవుతుందన్నారు.

జవాబు: అవుతుంది, కానీ ఇన్వర్టర్ 150 ఏహెచ్ లాంటి పెద్ద బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని పది, పదిహేను ఆంపులు పంపుతుంది. 35 ఏహెచ్ కారు బ్యాటరీకి అది ఎక్కువ. కొన్నిటిలో బ్యాటరీ రకం, కరెంటు మార్చుకునే స్విచ్ ఉంటుంది. అలాంటిదైతే తక్కువ కరెంటులో పెట్టుకుని, ఇంట్లో ఉన్నప్పుడే చేయండి. రోజూ పనికి మాత్రం కాదు.

ప్రశ్న: మా కొత్త కారు సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి, దానంతటదే స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ మీద ఏజీఎం అని ఉంది. మా బావగారు తన పాత ఛార్జర్ ఇస్తానంటున్నారు. లెడ్ ఆసిడ్ అంటే అన్నీ ఒకటే కదా?
— ఒక ప్రైవేటు ఉద్యోగి

జవాబు: సీసం, ఆసిడ్ అందులోనూ ఉన్నాయి, అంతవరకు బావగారు చెప్పింది నిజం. కానీ ఏజీఎంలో ఆసిడ్ గాజు నూలు పలకల్లో ఇంకి ఉంటుంది, పారదు. జెల్ బ్యాటరీలో అది ముద్దలా గడ్డకట్టి ఉంటుంది. ఛార్జింగ్ వోల్టేజీలు ఇక్కడే కొద్ది కొద్దిగా మారతాయి. ఏజీఎంకు సాధారణంగా 14.4 నుంచి 14.8 దాకా అడుగుతారు. జెల్‌కు 14.1, 14.2 దగ్గరే ఆగాలి, లేకపోతే ఆ ముద్దలో బుడగలు పుట్టి అలాగే ఉండిపోతాయి. అర వోల్టు తేడా చూడ్డానికి ఏమీ కాదు. కానీ బ్యాటరీ లోపల ఆరు సెల్లులూ ఆ అర వోల్టును గంటల తరబడి భరించాలి.

బావగారి ఛార్జర్ మీద ఏజీఎం అని ఒక బటన్ ఉంటే నిశ్చింతగా తెచ్చుకోండి. "రిపేర్" అనో "రీకండిషన్" అనో ఉన్న బటన్ మాత్రం నొక్కకండి. అది వోల్టేజీని పదిహేను పైకి తీసుకుపోతుంది. మూతలు తీసి నీళ్లు పోసుకోగల బ్యాటరీలకు మాత్రమే అది.

మీ కారులో ఇంకో సంగతి ఉంది. మైనస్ టెర్మినల్ మీద చిన్న నల్ల డబ్బా కనబడుతుందా? అది లోపలికి ఎంత కరెంటు వచ్చింది, బయటికి ఎంత పోయింది అని లెక్క రాసుకునే సెన్సర్. ఛార్జర్ నల్ల క్లిప్పును నేరుగా మైనస్ టెర్మినల్‌కు పెడితే కరెంటు ఆ సెన్సర్‌ను దాటకుండా బ్యాటరీలోకి వెళ్తుంది. బ్యాటరీ నిండినా కారుకు తెలియదు. ఆటో స్టార్ట్ పనిచేయడం మానేసిందని మళ్లీ మీరే ఉత్తరం రాస్తారు. నల్ల క్లిప్పు ఎప్పుడూ ఇంజన్ బాడీ మీద, కారు పుస్తకంలో చూపించిన ఎర్త్ బోల్టుకే పెట్టండి.

ఎండాకాలం గురించి కూడా ఒక మాట. పైన చెప్పిన వోల్టేజీలన్నీ 25 డిగ్రీల లెక్క. వేడి పెరిగేకొద్దీ వోల్టేజీ తగ్గాలి, 12 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి 0.02 వోల్టు చొప్పున. నలభై డిగ్రీల వేడిలో 14.4 కాస్తా 14.1 అవ్వాలి. మంచి ఛార్జర్లు ఇది వాటంతటవే చూసుకుంటాయి. మామూలువి చూసుకోవు, అందుకే ఎండలో నిలబెట్టిన బండికి అప్పటికప్పుడు ఛార్జింగ్ పెట్టొద్దంటాను.

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జర్ పాడైంది. 48 వోల్టుల లిథియం బ్యాటరీ. పక్కింటి వాళ్ల స్కూటరూ 48 వోల్టులే, వాళ్ల ఛార్జర్ పిన్ను నా బండికి సరిగ్గా పట్టింది కూడా. కానీ వాళ్లది లెడ్ ఆసిడ్ అని విన్నాను. రెండు మూడు రోజులు వాడుకోవచ్చా? కంపెనీ ఛార్జర్ రావడానికి టైం పడుతుందట, ఆఫీసుకు వెళ్లాలి, ఒకటే టెన్షన్‌గా ఉంది.
— ఉద్యోగిని

జవాబు: వాడకండి. ఈ ఒక్క జవాబు పెద్ద అక్షరాల్లో వేయమని సంపాదకులను అడిగాను, వేశారో లేదో తెలియదు.

48 అన్నది పిలుచుకోవడానికి ఒక పేరు, అంతే. ఛార్జర్ చివర వచ్చే వోల్టేజీ అది కాదు. లెడ్ ఆసిడ్ స్కూటర్‌లో 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరుసగా ఉంటాయి. వాటి ఛార్జర్ 58, 59 వోల్టుల దాకా వెళ్తుంది. మీది లిథియం. అందులో ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన) రకమైతే సాధారణంగా 13 సెల్లులు వరుసలో ఉంటాయి. ఒక్కో సెల్లు 4.2 వోల్టులతో నిండిపోతుంది. 13ను 4.2తో గుణిస్తే 54.6. అక్కడ ఆగాలి. పక్కింటి ఛార్జర్ 58.8 ఇస్తే ఒక్కో సెల్లుకు 4.52 వోల్టులు పడతాయి. లిథియం సెల్లును అంత ఎత్తుకు తీసుకెళ్తే లోపల వేడి పుట్టి, అది మంటదాకా పోగలదు.

"బీఎంఎస్ ఉంది కదా, అదే ఆపుతుంది" అంటారు చాలామంది. బ్యాటరీ ప్యాక్ లోపల సెల్లులను కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ అది. ఆపాలి, ఆపుతుంది కూడా. కానీ బీఎంఎస్ అంటే ఛార్జర్ తప్పు చేసినప్పుడు కాపాడే చివరి రక్షణ. రోజూ దాని మీదే భారం వేసి, అది ఏనాడూ చెడిపోదనుకోవడం ధైర్యం కాదు.

మీ బ్యాటరీ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే లెక్క మళ్లీ మారుతుంది. దాని సెల్లు 3.65 దగ్గర నిండుతుంది. పదహారు సెల్లులుంటే 58.4, పదిహేనుంటే 54.75. చూశారా, మూడు నాలుగు బండ్లు, అన్నిటి మీదా 48 అనే ఉంటుంది, ఛార్జర్ ఆగాల్సిన చోటు మాత్రం దేనిది దానికే. అందుకే లేబుల్ మీద "ఛార్జింగ్ వోల్టేజీ" అన్న అంకె వెతకండి, పాత ఛార్జర్ కింద "అవుట్‌పుట్" అన్న చోట చూడండి. రెండూ చుక్క తర్వాతి అంకెతో సహా కలవాలి.

తిరగేసి చూద్దాం. మీ 54.6 ఛార్జర్‌ను పక్కింటివాళ్లు తీసుకెళ్తే? ఒక్కో 12 వోల్టుల బ్యాటరీకి 13.65 వస్తుంది. అది ఫ్లోట్ వోల్టేజీ. పేలదు, కాలదు, కానీ వాళ్ల బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండదు. కొన్ని నెలలకు మైలేజీ పడిపోయి, బ్యాటరీ కంపెనీని తిట్టుకుంటారు.

పిన్ను పట్టిందన్నారు. పిన్ను పట్టడం ఏ హామీ కాదు. చూడ్డానికి ఒకేలా ఉండే మూడు పిన్నుల ప్లగ్గుల్లో ప్లస్, మైనస్ ఒక్కో తయారీదారు ఒక్కో చోట ఇస్తారు. కొన్ని బండ్లలో అదనపు పిన్ను ద్వారా ఛార్జరూ బ్యాటరీ మాట్లాడుకుంటాయి కూడా. ఆ మాట కుదరకపోతే ఛార్జింగ్ మొదలే కాదు, అది మంచిదే.

ఆంపుల దగ్గర మాత్రం కొంత వెసులుబాటుంది. వోల్టేజీ సరిగ్గా అదే అయి, లిథియం కోసం చేసినదై, పిన్నులు కలిసి, ఆంపులు తక్కువైతే పర్వాలేదు, నెమ్మదిగా ఎక్కుతుంది. ఎక్కువైతే కంపెనీ అనుమతించిన హద్దు లోపలే ఉండాలి. ఈ రెండు మూడు రోజులకు బ్యాటరీ విప్పగలిగేదైతే, కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఛార్జింగ్ పెట్టిస్తారేమో అడగండి. లేదంటే బస్సే.

పనిలో పనిగా: తిరిగొచ్చిన వెంటనే వేడి బ్యాటరీకి ప్లగ్ పెట్టకండి, అరగంట చల్లారనివ్వండి. వర్షంలో నీళ్లు లోపలికి పోయిన ప్యాక్‌ను, కిందపడి సొట్టపోయిన ప్యాక్‌ను అసలే పెట్టకండి. ఛార్జింగ్ పెట్టే చోటు ఇంటి గుమ్మానికి అడ్డంగా, మెట్ల కింద ఉండకూడదు. ఏదైనా జరిగితే బయటికి వెళ్లే దారి అదే.

ప్రశ్న: నాలుగు నెలలు వాడని జీపు బ్యాటరీ. మీటర్‌లో 10.5 చూపిస్తోంది. పల్స్ రిపేర్ ఛార్జర్ పెడితే కొత్తదానిలా అవుతుందంటున్నారు. నిజమేనా?
— ఒక రైతు

జవాబు: సగం నిజం. లెడ్ ఆసిడ్ బ్యాటరీ దిగుతున్నప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది, ఛార్జింగ్‌లో కరిగిపోతుంది. దిగిపోయిన బ్యాటరీని నెలల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి కరగనని మొండికేస్తుంది. నెమ్మది కరెంటుతో ఒకటి రెండు రోజులు ఓపిగ్గా ఛార్జింగ్ పెడితే, ఇంకా మరీ ముదరని బ్యాటరీ కొంత కోలుకుంటుంది. రిపేర్ మోడ్ చేసేదీ ఇంచుమించు అదే, కొంచెం ఎక్కువ వోల్టేజీతో. కొత్తదానిలా అవ్వడం మాత్రం ఉండదు.

మీది 10.5 అన్నారు కాబట్టి నాకు వేరే అనుమానం. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులు, ఒక్కోటి దాదాపు 2.1 వోల్టులు. ఆరూ బాగుంటే 12.6. ఒకటి పోతే 10.5. లెక్క సరిగ్గా సరిపోయింది చూడండి. ఊరికే దిగిపోయిన బ్యాటరీ కూడా ఒక్కోసారి ఇంతే చూపిస్తుంది, కాబట్టి ఒక రాత్రి ఛార్జింగ్ పెట్టి, తీసి, మర్నాడు మళ్లీ చూడండి. మళ్లీ పదిన్నర దగ్గరికే వస్తే ఆ సెల్లు లోపల షార్ట్ అయినట్టే. పల్స్ కాదు కదా, ఏ ఛార్జరూ దాన్ని బాగు చేయదు.

మూతలుంటే ఇంకా నిక్కచ్చిగా తెలుస్తుంది. ఛార్జింగ్ అయ్యాక హైడ్రోమీటర్ ముంచండి. ఐదు సెల్లులు 1.260 చూపించి ఒకటి 1.120 దగ్గర ఆగిపోతే బ్యాటరీ మార్చాల్సిందే. ఆ ఒక్క సెల్లులో ఆసిడ్ పోసి గ్రావిటీ పెంచే వాళ్లున్నారు. అంకె బాగుపడుతుంది, సెల్లు బాగుపడదు. పోయాల్సింది ఎప్పుడూ డిస్టిల్డ్ వాటరే. అదీ ఛార్జింగ్ అయ్యాకే గీత దాకా పోయాలి. ప్లేట్లు నీటి పైకి తేలి కనబడుతుంటే ముందుగా అవి మునిగేంతవరకు పోసి అప్పుడు ఛార్జింగ్ పెట్టండి.

ప్రశ్న: లారీకి రెండు బ్యాటరీలు. ఎప్పుడూ ఒకటే ముందు పోతుంది. పోయినదాన్ని మారుస్తుంటాను, మళ్లీ అటువైపుదే పోతుంది. 24 వోల్టుల ఛార్జర్ పెట్టినా లాభం లేదు.
— ఒక డ్రైవరు

జవాబు: క్యాబిన్‌లో పాటల డెక్కు ఉందా అన్నా? సెల్ ఛార్జరు, చిన్న ఫ్యాను? అవి 12 వోల్టులవి. వాటి వైరు రెండు బ్యాటరీల మధ్య జాయింటు నుంచి లాగి ఉంటారు. అలా లాగితే జోడెద్దుల్లో ఒకదాని మీదే బరువంతా వేసినట్టు. ఆ బ్యాటరీ రోజూ దిగుతుంది, రెండోది నిండుగానే ఉంటుంది. ఆల్టర్నేటరు ఇచ్చే 28 వోల్టులు చెరి సగం పంచుకోవు. నిండినది తన వంతు కన్నా ఎక్కువ తీసుకుని ఉడుకుతుంది, దిగినది తక్కువతోనే సరిపెట్టుకుంటుంది. 24 వోల్టుల ఛార్జర్ పెట్టినా అదే తంతు.

ఆ వైరు తీసేసి, 24ను 12గా మార్చే కన్వర్టర్ పెట్టించు. తర్వాత రెండు బ్యాటరీల మధ్య లింకు విప్పి, ఒక్కోదాన్ని విడిగా 12 వోల్టుల ఛార్జర్‌తో పూర్తిగా నింపి, మళ్లీ కలుపు. మార్చాల్సి వస్తే రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే ఏహెచ్‌వి మార్చు. పాతదాని పక్కన కొత్తది పెడితే కొత్తది కూడా తొందరగానే పాతబడుతుంది.

ప్రశ్న: బైకుకు బరువు తక్కువని 12 వోల్టుల లిథియం బ్యాటరీ వేయించాను. పాత ఛార్జర్ పనికొస్తుందా?

జవాబు: అది చాలావరకు ఎల్ఎఫ్‌పీ అయి ఉంటుంది. నాలుగు సెల్లులు, 14.6 వోల్టులు దాటకూడదు. పాత ఛార్జర్‌లో లిథియం మోడ్ లేకపోతే కొత్తది కొనండి. రిపేర్ మోడ్ దీనికి విషం. గడ్డకట్టే చలిలో, సున్నా డిగ్రీల కింద, ఛార్జింగ్ పెట్టకూడదు. నెలల తరబడి బండి ఆపాలంటే ఛార్జర్ తగిలించి ఉంచడం కన్నా సగానికి పైగా ఛార్జ్ ఉంచి వైరు విప్పేయడం మేలు.

ప్రశ్న: ఛార్జింగ్ పెట్టేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తే భయమేసింది. ఏ క్లిప్పు ముందు పెట్టాలి? కుళ్లిన గుడ్ల వాసన కూడా ఒకసారి వచ్చింది.

జవాబు: భయం మంచిదే. లెడ్ ఆసిడ్ బ్యాటరీ ఛార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది నాలుగు శాతం చేరితే రవ్వ చాలు. గది కిటికీలు తెరిచి ఉంచండి. ఛార్జర్ స్విచ్ ఆపి ఉండగానే ముందు ఎర్రది ప్లస్‌కు, తర్వాత నల్లది బ్యాటరీకి దూరంగా బాడీ మీద పెట్టి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. తీసేటప్పుడు స్విచ్ ఆపి, నల్లది, చివరగా ఎర్రది. బ్యాటరీ డబ్బా మీదకు వంగి చేయకండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

కుళ్లిన గుడ్ల వాసన వచ్చిందంటే బ్యాటరీ హద్దు మించి ఛార్జ్ అవుతోంది, లేదా ఒక సెల్లు షార్ట్ అయింది. గోడ దగ్గర స్విచ్ ఆపండి, గాలి ఆడనివ్వండి, డబ్బా చల్లారేదాకా క్లిప్పులు ముట్టుకోకండి. ఆ బ్యాటరీకి మళ్లీ ఛార్జింగ్ పెట్టే ముందు ఎవరికైనా చూపించండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు కొన్నాం. ఇంట్లో 22 కిలోవాట్ల ఛార్జర్ పెట్టించుకుంటే గంటన్నరలో అయిపోతుందని అమ్మేవాళ్లు చెప్పారు. కారు పుస్తకంలో 7.2 అని ఉంది. బ్యాటరీ 30 కిలోవాట్-అవర్లు.
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, పుస్తకమే నిజం. గోడకు బిగించే పెట్టె నిజానికి ఛార్జింగ్ చేయదు, కరెంటును భద్రంగా కారుకు అందిస్తుంది. ఏసీని డీసీగా మార్చి బ్యాటరీలోకి పంపే అసలు ఛార్జర్ కారులోనే ఉంది, దాని శక్తి 7.2 కిలోవాట్లు. గోడ మీద 22 పెట్టినా కారు 7.2 మించి తీసుకోదు. ముప్పైని 7.2తో భాగించి, వేడిగా పోయేది కొంత కలిపితే నాలుగున్నర, ఐదు గంటలు. 22కు త్రీ ఫేజ్ కూడా కావాలి. ఆ ఖర్చు మీకు దండగ.

రోడ్ల పక్కన కనబడే డీసీ ఫాస్ట్ ఛార్జర్లు వేరే. అవి కారులోని ఛార్జర్‌ను దాటి నేరుగా బ్యాటరీకి ఇస్తాయి. అందుకే అంత పెద్దవి. అక్కడ కూడా 80 శాతం దాటాక వేగం బాగా పడిపోతుంది. ప్రయాణంలో 80 దగ్గర తీసేసి వెళ్లిపోవడం నయం.

ఇంట్లో రోజువారీకి మామూలు 16 ఆంపుల సాకెట్‌తో వచ్చే 3.3 కిలోవాట్లు చాలామందికి సరిపోతాయి. ఖాళీ నుంచి నిండడానికి పది గంటలు, కానీ రోజూ ఖాళీ అయ్యేంత తిరుగుతారా మీరు? ఎన్ఎంసీ బ్యాటరీ అయితే మామూలు రోజుల్లో 80 దగ్గర ఆపండి, దూర ప్రయాణానికి ముందు మాత్రమే వంద. ఎల్ఎఫ్‌పీ అయితే అప్పుడప్పుడు వంద దాకా నింపాలి, లేకపోతే ఎంత శాతం ఉందో కారు సరిగ్గా చెప్పలేదు.

నేనైతే ఆ డబ్బు వైరింగు మీద పెడతాను. పదహారు ఆంపులు పది గంటల పాటు ఆగకుండా పారాలి. గీజరు, ఐరన్ బాక్సు ఏవీ అంతసేపు లాగవు. మెయిన్ బోర్డు నుంచి కారుకు విడిగా లైను, దానికి సొంత ఎంసీబీ, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), మంచి ఎర్తింగు వేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. మొదటి రోజు గంటసేపు ఛార్జ్ అయ్యాక ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేసి సాకెట్ మార్పించండి.